గేముల నీరటి

గేమంటే అందరు కొట్లాడుడేనా నర్సన్నా? కత్తోడు, బాణమోడు, మంత్రగాడు. అంత పెద్ద ఊరు గీసి, నీళ్లిడిసెటోడు ఒక్కడన్న ఉండద్దా?

అదే, మా బిడ్డ రిషిత తయారుజేసే ఆన్‌లైన్ గేము. గేములు చేసుడు నేర్పె చదువుకు పోత అంటే నేనే వద్దన్న. ఒక్కింట్లనే ఉంటున్నం గని నెల సంది నాతోని మాట్లాడతలేదు.

నిన్న ఆ గేము ఆడెటోళ్లను ఆన్‌లైన్లనే అడిగింది, ఇంకేం పాత్రలు కావాలె అని. ఒకడు దర్జీ అన్నడు. ఒకామె మంత్రాలొచ్చిన మేకల కాపరి అన్నది. నేను దొంగపేరుతోని దూరి, నీరటి గావాలె అని రాసిన.

'నీరటి ఏంజేస్తడు?' అని రిషిత అడిగింది.

'మా నాయిన లెక్క చెరువు తూముకాడ ఉంటడు. ఎవ్వలతోని కొట్లాడడు. ఎవల వంతు నీళ్లు వాళ్లకిడుస్తడు.'

పొద్దటిసంది నాకు కాలు నిలుస్తలేదు. గుర్తువట్టిందా ఏంది? అయినా ముందుగాల నేను మాట్లాడితే నా ఇజ్జత్ ఏం గావాలె? ఆమెనే వచ్చి—

"బాపూ! జర ఇటు రా. నీరటి బొమ్మ గీస్తున్న. తాత పారను ఏ బుజమ్మీద ఏసుకునేటోడు?"