నలభై నాలుగో నంబరు

డాక్టర్ జువాంగ్ కంప్యూటరు మీదున్న పచ్చ పొట్లాన్ని తీసి వెనక తేదీ చూశాడు. మొక్కజొన్న చిరుతిండి పొట్లం అది. పక్కన ఉంటే యంత్రం మాట వింటుందని అక్కడ అందరి నమ్మకం. పచ్చదే ఉండాలి. గడువు దాటకూడదు.

"ఇంకా రెండు నెలలుంది. ఇక నొక్కు," అన్నాడు.

ఆయన దగ్గర లెక్కలు చూసే యీ-జెన్ నొక్కలేదు. వేలు మీట మీదే ఉంది.

నొక్కితే రెండేళ్ల పరిశోధన ఫలితం తెర మీదికి వస్తుంది. తైవాన్‌లో, తైనాన్ ఊళ్లోని ఆ ఆసుపత్రిలో గుండె లయ తప్పిన నూట ఇరవై మందికి రోజూ మాత్రలు ఇచ్చారు. సగం మందికి కొత్త మందు. సగం మందికి అచ్చం అలాగే కనిపించే పిండి మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో ఇచ్చే డాక్టరుకూ తెలియదు, మింగే రోగికీ తెలియదు. ఆ చీటీలు వేసింది సాఫ్ట్‌వేర్. ఒకటి నుంచి నూట ఇరవై దాకా నంబర్లు. మొదటి రోజు వరసలో నిలబడ్డవాళ్లకు ఆ వరసలోనే ఇచ్చుకుంటూ పోయారు.

లిఫ్టులో నాలుగో అంతస్తు లేని ఆసుపత్రి అది. వార్డులో నాలుగో మంచం ఉండదు. వాళ్ల భాషలో నాలుగన్నా చావన్నా ఒకేలా వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు ఆ భయం లేదు. నాలుగు, పద్నాలుగు, నలభై నాలుగు, అన్నీ వేసింది.

యీ-జెన్ వాళ్లమ్మది నలభై అయిదు.

కిందటి మార్చిలో ఒక పొద్దున యీ-జెన్ అమ్మను సందు మొదట్లో స్కూటరు మీంచి దించింది. "సాయంత్రం చేప గంజి కాస్తాను. చల్లారకముందే రా," అంది అమ్మ. యీ-జెన్ హెల్మెట్ తీయకుండానే తలూపి వెళ్లిపోయింది. వచ్చేసరికి గంజి వెచ్చగానే ఉంది. అమ్మే చల్లబడింది.

అప్పటినుంచి ఆమెకు ఒకటే కోరిక. మందూ పిండీ ఒకటేనని తేలాలి. రెంటికీ తేడా లేదని తెర మీద కనిపించాలి. అప్పుడు అమ్మను రోగమే తీసుకుపోయినట్టు.

"నొక్కవేం?" అన్నాడు డాక్టరు.

నొక్కింది.

బతికున్నవాళ్ల లెక్క చూపే రెండు గీతలు మెట్లు మెట్లుగా దిగాయి. ఒకటి మెల్లగా దిగి ఆగింది. రెండోది దిగుతూనే పోయింది. పిండి మాత్రల వైపు అయిదు చావులు. కొత్త మందు వైపు పదిహేడు.

డాక్టర్ జువాంగ్ ముందుకు వంగాడు. "కోడు తిరగేశావు."

"లేదు సార్. ఒకటంటే మందు, సున్నా అంటే పిండి. మూడుసార్లు చూశాను."

"నాలుగోసారి చూడు. కంపెనీవాళ్లకు నేనేం చెప్పను, మీ మందుకంటే పిండే నయమనా?"

ఆమె చూసింది. కోడు సరిగానే ఉంది. వట్టి యాదృచ్ఛికంగా ఇంత తేడా రావడానికి వెయ్యిలో అయిదు పాళ్లే అవకాశమని యంత్రం చెప్పింది. డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు.

"అందరికీ ఫోన్లు చేయించు. ఇవాళ్టినుంచి ఒక్క మాత్ర కూడా ఎవరూ మింగకూడదు." గొంతు తగ్గించాడు. "మీ అమ్మకు ఏది పడిందో మాత్రం చూడకు."

అప్పటికే చూసేసింది. ముందు నలభై నాలుగు చూసింది, ఆ తరవాతే అమ్మది.

నలభై నాలుగు: సున్నా. బతికే ఉంది.

నలభై అయిదు: ఒకటి.

"చీటీ వేసింది యంత్రం, యీ-జెన్," అన్నాడు డాక్టరు. "దానికి మీ అమ్మా తెలియదు, మా అమ్మా తెలియదు. ఇందులో ఎవరి చెయ్యీ లేదు. మనసులో పెట్టుకోకు."

ఆమె తలూపింది.

కింద బెంచీ మీద లియావ్ పిన్ని కూర్చుని ఉంది. నెలవారీ పరీక్షకు వచ్చింది. బజార్లో జామపళ్లు అమ్ముతుంది. ఆవిడదే నలభై నాలుగు. లెక్కలు చూసే యీ-జెన్‌కు రోగులతో పని లేదు. అయినా రెండేళ్లుగా నెల తప్పకుండా ఆవిడ కొట్టుకు వెళ్లేది. ఆయాసం వస్తోందా, నిద్ర పడుతోందా అని అడిగేది. అవసరం లేకపోయినా రెండు కిలోల పళ్లు కొనేది.

"ఏమే, మొహం అట్లా వేలాడేశావు? కంప్యూటరు కరిచిందా?"

"మాత్రలు ఆపేయాలి పిన్నీ. మీరు మింగింది వట్టి పిండి."

"రెండేళ్లు పిండి మింగించారా నాచేత? ముందే చెబితే రోజూ ఇంట్లో ఆవిరి బన్ను తిని ఊరుకునేదాన్నిగా."

"అసలు మందు మింగినవాళ్లే ఎక్కువమంది పోయారు."

లియావ్ పిన్ని నవ్వు ఆగిపోయింది. "మరి మీ అమ్మ..."

యీ-జెన్ గోడకేసి చూసింది. పిన్ని ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"చూశావా, ఎవరి రాత ఎట్లా ఉంటుందో. నలభై నాలుగు నా మెడకు తగిలించారని ఎంత ఏడ్చానో ఆ రోజు. మా కోడలు మాజు తల్లి గుడికి లాక్కెళ్లి అగరొత్తులు వెలిగించింది. బల్ల దగ్గర కూర్చుని నంబర్లు రాసిన నువ్వేమో, అంకెలకేం తెలుసు పిన్నీ అని నవ్వావు."

"అవును," అంది యీ-జెన్.

పిన్ని సంచిలోంచి అన్నిట్లోకీ పెద్ద జామపండు వెతికి తీసి, చొక్కా అంచుకు తుడిచి, ఆమె ఒళ్లో పెట్టింది.

"తిను. అమ్మలేని పిల్లవి. నీ మేలు నేను మరిచిపోనే. ఆ రోజు నేను అడక్కుండానే, వరసలో నా ముందున్న మీ అమ్మను వెనక్కి జరిపి నన్ను ముందు పిలిచావు చూడు, అప్పుడే అనుకున్నా నీది ఎంత మంచి మనసో."