ఇరవై రెండేండ్ల హద్దు

బొందలగడ్డల జేసీబీ సప్పుడు ఇని ఉరికిన. నాకన్న ముందే జనార్దన్ పటేల్ వచ్చి దానికి అడ్డం నిలబడ్డడు. కాళ్లకు చెప్పులు గూడ లేవు. ఆయన గుడి కమిటీ పెద్ద. నేను ఊరి పాస్టర్ని.

మా సమాధులు యాడిదాక, వాళ్ల కాష్టాలు యాడిదాక అని మేమిద్దరం ఇరవై రెండేండ్లు కోర్టుల కొట్లాడినం. పోయిన నెల చేవెళ్లల శాంతి కమిటీ మీటింగుకు పిలిచిన్రు. "మతపెద్దలు మీరే కలువకుంటే ఊరెట్ల కలుస్తది?" అన్నడు మీటింగు పెట్టిన సర్కారు పెద్దసారు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కేసు వాపస్ తీసుకున్నం. శాలువాలు కప్పి ఫొటోలు తీసిన్రు. పటేల్ మొదటిసారి నన్ను "తమ్మీ" అన్నడు. మురిసిపోయి, ఆదివారం చర్చిల అదే సాక్ష్యం చెప్పిన.

"అయ్యగారూ, జర పక్కకు జరుగుండ్రి," అన్నడు సర్వేయర్. "గీడికెల్లి రోడ్డు పోతున్నది."

"మీటింగుల గీ ముచ్చట ఎవ్వరు చెప్పలే కదా!" అని మొత్తుకున్న.

"రోడ్డు పదేండ్ల కిందనే శాంక్షన్ అయింది. మీ కేసుల కోర్టు స్టే ఉండె, అందుకే ఈ జాగను ఎవ్వరు ముట్టలే. కేసు పోయింది, స్టే పోయింది."

మా నాయన సమాధి దిక్కు జేసీబీ కదిలింది. పటేల్ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు.

"తమ్మీ," అన్నడు మెల్లగ, "మళ్ల కోర్టుల కొట్లాడుదామా?"

హద్దు రాయి అప్పటికే జేసీబీ తొట్టిల ఉన్నది.