కొత్త డిస్కు

చెల్లి రాసుకునే బల్లను అక్క తుడుస్తోంది. పదకొండు రోజులుగా ఉదయం లేస్తే ముందు అదే పని. కూర్చునే మనిషి లేకపోయినా దుమ్ము మాత్రం ఒక్కరోజు కూడా నాగా పెట్టడం లేదు. పెన్నుల డబ్బా ఎత్తి, కింద తుడిచి, మళ్లీ ఉన్నచోటే పెట్టింది. చెల్లి వచ్చేసరికి ఏ వస్తువూ అంగుళం కూడా జరిగి ఉండకూడదు.

వెనకనుంచి భర్త వచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవర్ల పెట్టె, చంకలో రెండు చిన్న అట్టపెట్టెలు.

"నిన్న బ్యాగు ఇచ్చేశారుగా. నీ చెల్లి ల్యాప్‌టాప్ ఇలా తే, ఈ పూట దాని పని పడతాను."

చెల్లి ఉద్యోగం కోసం వీళ్లింట్లోనే ఉండేది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి రాలేదు. ఫోను మోగలేదు. మూడోరోజున ఆమె బ్యాగు రైల్వే స్టేషన్లో ఒక బెంచీ కింద దొరికింది. అందులో ల్యాప్‌టాప్, గొడుగు, సగం తిన్న బిస్కెట్ పొట్లం. ఇన్‌స్పెక్టర్ వారం రోజులు ఉంచుకుని, నిన్న అక్కను పిలిపించాడు. సంతకం పెట్టించుకుని, పక్కకు పిలిచి రెండు ముక్కలు మాట్లాడి, బ్యాగు చేతికిచ్చాడు. ఆమె ఒక్కతే వెళ్లి తెచ్చుకుంది.

ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందని ఊరందరికీ చెబుతున్నది భర్తే. నాలుగు రోజులు పోతే తనే తిరిగొస్తుందట. వచ్చేసరికి ల్యాప్‌టాప్ గుర్రంలా పరిగెత్తాలట. బ్యాగు దొరికిందని తెలిసిన రోజే అతను సామాను ఆర్డర్ పెట్టేశాడు.

అతని పిచ్చి ఈనాటిది కాదు. ఆ ఇంట్లో మనుషులు ముగ్గురు, ఛార్జర్లు పంతొమ్మిది. ఏడు రంగుల్లో మెరిసే మౌసు, మెడకు తగిలించుకునే ఫ్యాను, గంటకోసారి లేచి నడవమని పోరు పెట్టే గడియారం. చెల్లి అతనికి 'అప్‌గ్రేడ్ బావ' అని పేరు పెట్టింది. ఏదో ఒకరోజు మా అక్కను కూడా ఇచ్చేసి కొత్త మోడల్ తెచ్చుకునేట్టున్నావు బావా అని ఏడిపించేది. మొదట్లో అతనూ నవ్వేవాడు. ఈమధ్య నవ్వడం మానేశాడు. చెల్లి కూడా ఆ మాట అనడం మానేసింది. ఎందుకు మానేశావే అని అడగాలని అక్క అనుకుంటూనే ఉండిపోయింది.

బీరువాలోంచి ల్యాప్‌టాప్ తెచ్చి ఇచ్చింది. అతను బల్లమీద తువ్వాలు పరిచి, దాన్ని బోర్లించాడు. స్క్రూలు ఒక్కొక్కటే విప్పి కాగితం మీద వరుసగా పేర్చాడు. చెయ్యి వణకదు, తొందర ఉండదు. పసిబిడ్డ గోళ్లు తీసే తల్లికి కూడా అంత ఓపిక ఉండదు.

"లైటు కాస్త పట్టుకో."

ఆమె అతని భుజం మీదుగా ఫోను లైటు పట్టుకుంది. అతని మెడ, చెవులు, కదిలే వేళ్లు దగ్గరగా కనిపిస్తున్నాయి.

"దాని ఫొటోలూ అవీ పోవు కదండీ?"

"ఒక్కటీ పోదు. నీదానికి చేసినప్పుడు పోయాయా?"

పోలేదు. కిందటేడు ఆమె ల్యాప్‌టాప్‌కు డిస్కు మార్చినప్పుడు, పాతదాంట్లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించడానికే రెండు గంటలు పట్టింది. అంతసేపూ అతను పాలగిన్నెకు కాపలా ఉన్నట్టు తెర ముందునుంచి కదల్లేదు. ఆ పాత డిస్కును మెత్తటి కవర్లో పెట్టి, పైన తేదీ రాసి, తన సొరుగులో వేసి తాళం పెట్టాడు. ఏదీ పారేసే మనిషి కాదు.

కింది పలక ఊడి వచ్చింది. ముందు వేగం పెంచే మెమరీ ముక్క మార్చాడు. రెండో పెట్టెలోంచి చూయింగ్ గమ్ ముక్కంత ఉన్న కొత్త డిస్కు తీసి, లోపల పెట్టి, స్క్రూ బిగించాడు. పలక మూసేశాడు. మొత్తం పది నిమిషాలు పట్టిందేమో.

లైటు ఇంకా అలాగే పట్టుకుని ఉంది ఆమె.

"అయిపోయింది. ఇక దించు."

దించింది.

"మరి ఫొటోలు అన్నారు..."

"పాత చెత్తంతా మోసుకొస్తే మళ్లీ నత్తలా నడుస్తుంది. కొత్తగా మొదలుపెడితేనే హాయి." తల తిప్పి, ఆ ఉదయం మొదటిసారిగా ఆమె మొహంలోకి చూశాడు. "ఏం, అందులో నీకు కావలసింది ఏమైనా ఉందా?"

"నాకేం ఉంటుంది? ఊరికే అడిగాను."

అతను ఇంకాసేపు అలాగే చూశాడు. తర్వాత తెర వైపు తిరిగాడు. నీలం గీత ఒకటి ఎడమనుంచి కుడికి మెల్లగా పాకుతోంది. దీనికి అరగంట పడుతుంది, ఈలోగా టీ పెట్టమన్నాడు.

ఆమె తుడుపుగుడ్డ కుర్చీ మీద ఆరేసి వంటింట్లోకి వెళ్లింది. అతనికి వినపడేలా గిన్నెలో నీళ్లు పట్టింది. పొయ్యి మాత్రం వెలిగించలేదు. లోపల అతను ఈల వేస్తున్నాడు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని, గడియ చప్పుడు కాకుండా తీసి, వీధిలోకి నడిచింది.

ల్యాప్‌టాప్ దొరికేసరికే అందులోని డిస్కును ఎవరో ఊడదీసి పట్టుకుపోయారని ఇన్‌స్పెక్టర్ నిన్న ఆమె ఒక్కదానికే చెప్పాడు. పలక విప్పాక ఆ ఖాళీ చోటు చూసి, పాతది ఏదని భర్త అడగనేలేదు.