పక్కగది గోడ

ఆ రాత్రి ల్యాబులో నేనొక్కదాన్నే ఉన్నాను. చేప తలల నుంచి ఒంటికి మేలుచేసే నూనె తీసే పని మాది. ఇదివరకు హెక్సేన్ అనే రసాయనం పోసి తీసేవాళ్ళం. ఆ ఘాటుకి తల దిమ్మెక్కేది, అన్నం సయించేది కాదు. ఇప్పుడు దాని బదులు ఆల్కహాల్ వాడుతున్నాం. గాజు కుప్పెలోకి నూనె తేనెరంగులో దిగుతుంటే చూడముచ్చటగా ఉంది.

మా ఆయన ఫోన్ చేశాడు. "తలనొప్పా?"

"లేదు. ఆకలేస్తోంది."

"అమ్మయ్య, మనుషుల్లో పడ్డావు," అని నవ్వి పెట్టేశాడు.

అప్పుడే పక్కగదిలోంచి ఎవరో గోడ తట్టారు.

హెక్సేన్ రోజుల్లో అది మా పద్ధతి. అటు పనిచేసే పెద్దక్క గోడ తట్టేది, స్పృహలోనే ఉన్నానని నేను తిరిగి తట్టాలి. "మూడుసార్లకీ పలక్కపోతే వచ్చి ఈడ్చుకుపోతా, ఏమనుకున్నావో," అనేది.

పెద్దక్క పోయి ఏడాది దాటింది. ఆ గదిలో ఇప్పుడు ఖాళీ డ్రమ్ములే. సాయంత్రం తాళం వేసింది నేనే.

అలవాటుకొద్దీ తిరిగి తట్టాను. మళ్ళీ తట్టారు. ఈసారి పిడికిలితో గట్టిగా కొట్టాను. గోడకి చెవి ఆనించాను.

మూడోసారి తట్టారు, బెంగగా.

నా జవాబు అటు చేరడం లేదన్నమాట.

పక్కగది తలుపు కిర్రుమంది. చెప్పులీడ్చే ఆ నడక నాకు తెలుసు. చిత్రంగా, భయం వేయలేదు. నా బాగు కోరే మనిషి ఇంకా ఉందనిపించి మనసు నిండింది. అడుగులు నా తలుపు ముందు ఆగాయి.

"బాగానే ఉన్నానక్కా," అందామని నోరు తెరిచాను.

పెదాలు కదిలాయి, మాట నాకే వినపడలేదు. నన్ను ఈడ్చుకుపోవడానికి అక్క తలుపు తోసింది.