నడుంలోతు నీళ్లు

సముద్రమంటే ధనరాజుకి ఎన్నడూ భయం లేదు. ఆ ఆదివారం మొదటిసారి భయం వేసింది.

సంఘం వాళ్లు ఇసుకలో నిలబడి పాట అందుకున్నారు. తిత్లీ తుపానుకి తలలు విరిగిన కొబ్బరిచెట్ల కింద, కాస్త ఎడంగా, ఊరివాళ్లు కూడా చేరారు. వాళ్లు పాడటం లేదు. నీళ్ల వైపే చూస్తున్నారు.

ఆ రోజు నీళ్లలో దిగేది ఇద్దరే. ధనరాజూ, గున్నమ్మా. ఇద్దరూ తెల్లబట్టలు కట్టుకున్నారు.

గున్నమ్మ ఊరిపెద్ద అసిరయ్యకి తమ్ముడి భార్య. భర్త పోయాక బావగారి ఇంట్లోనే ఉంటోంది. అసిరయ్య ముందురోజే తీర్పు చెప్పేశాడు. బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్లకి ఊరంతా కలిసి లాగే పెద్దవలలో వాటా ఉండదు. ఆ ఇంటి పిల్లని ఊళ్లో ఎవరూ చేసుకోరు. గున్నమ్మయితే ఇల్లు కూడా వదలాలి. ఆమె కూతురు హేమకి సంబంధం కుదిరి ఇంకా నెల తిరగలేదు.

ఆ మాట విన్నప్పటి నుంచి ధనరాజుకి అన్నం సయించలేదు. శనివారం సాయంత్రం భార్య అనిత కంచం ముందు పెట్టి అడిగింది.

"ఏటయ్యింది మీకు? ఇన్నాళ్లూ లేని భయం ఇప్పుడేటి?"

"ఇన్నాళ్లూ ఎవరిదీ ఏటీ పోలేదు. రేపు పోతాది."

"దేవుడు సూసుకోడేటి?"

"ఆయన సమాధిలోంచి లేచాడన్నది జరిగిందా, జరగలేదా? అది సెప్పు ముందు."

అనిత గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఇదేటి ప్రశ్న? నమ్మితే మనసుకి ధైర్యం. ఆ ధైర్యం సాలదా?"

"సాలదు. తెప్ప తేలతాదని నమ్మితే తేలతాదేటి? కట్టు గట్టిగా ఉంటే తేలతాది. మా అయ్య ఎంత నమ్మేడు దాన్ని!"

అతని తండ్రి నూకయ్య తెప్ప ముక్కలుగా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. నూకయ్య రాలేదు.

"మంచి కథయితే ఆదివారం ఇనేసి ఇంటికొచ్చి తొంగోవచ్చు," అన్నాడు ధనరాజు. "కథ కోసం ఇల్లొదులుకుంటారా ఎవరైనా? అది జరక్కపోతే మనకన్నా ఎర్రోళ్లు లేరు."

"అయితే రేపు మానేయండి."

"మరి జరిగుంటే?"

కంచం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు అసిరయ్య తడి ఇసుక దాకా వచ్చి నిలబడ్డాడు.

"ఒరే ధనా! నువ్వు మా నూకయ్య కొడుకువిరా. మాతో వల లాగి పెరిగినోడివి. ఇప్పుడైనా మానుకో."

ధనరాజు చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

గున్నమ్మతో కలిసి కోటబొమ్మాళి సంతలో చేపలమ్మే దేముడమ్మ అరిచింది. "ఏటే గున్నమ్మా! ఒక్క మునకేస్తే నీ నీసుకంపు పోతాదేటే?"

"పోకపోతే నీ ఇంటికొచ్చి నీ సబ్బంతా అరగదీస్తానే!"

ఇటువాళ్లూ అటువాళ్లూ నవ్వారు. అసిరయ్య నవ్వలేదు. అతని ఇద్దరు కొడుకులూ ఆ పూట సముద్రం మీద వేటలో ఉన్నారు. మాటమాటకీ దూరంగా కెరటాల వైపు చూస్తున్నాడు.

"నీ దేవుడే నిజమైతే మా గంగమ్మ తల్లి అబద్ధమేటిరా? మా అయ్యా, తాతా ఎక్కడికెల్లినట్టు? అది నాకు సెప్పి మరీ దిగు."

కోపంతో అడిగితే ధనరాజు ఏదో ఒకటి అనేవాడు. ఆ మనిషి భయంతో అడిగాడు. తనలాగే.

ధనరాజు నీళ్లలోకి నడిచాడు. పక్కన గున్నమ్మ నడిచింది. మోకాళ్లు మునిగాయి. నడుం దాకా వచ్చాక ఆగారు. అల ఒకటి ఛాతీకి కొట్టి వెళ్లింది. ఒడ్డున పాట ఆగిపోయింది.

ఇక మిగిలింది ఒక ప్రశ్న, ఒక జవాబు. యేసు నిజంగా చనిపోయి, నిజంగా లేచాడని నమ్ముతున్నావా? నమ్ముతున్నాను. అంతే. ఆ తర్వాత మునగడం, లేవడం. లేచాక వెళ్లడానికి పాత ఇల్లు ఉండదు.

ఆ మాటలు ధనరాజుకి కంఠస్థం. నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

అబద్ధమైతే ఇక్కడే ఆపేయాలి. నిజమైతే ఎవరి ఇల్లు పోయినా ఆపకూడదు. మధ్యలో నిలబడటానికి చోటు లేదు. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇంత దగ్గరగా కనబడలేదు.

ఒడ్డున అనిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అసిరయ్య పంచె తడుస్తున్నా మోకాలిలోతుకి వచ్చేశాడు.

"వొచ్చేయ్‌రా ధనా! ఇంకా ఏటీ అవ్వలేదు. వొచ్చేయ్!"

ఇంకో అల వచ్చింది. ధనరాజు కాళ్ల కింద ఇసుక జారింది. తూలి పడబోతుంటే గున్నమ్మ అతని జబ్బ పట్టుకుని నిలబెట్టింది.

"నువ్వడిగితే గదా పాస్టరు బాబూ నేను సెప్పేది, బేగి అడుగు, సలేస్తన్నాది," అంది.