చాడీల లైను

పొద్దుటినుంచీ ఊరంతా చాడీల లైనుకి కూరలు ఎలా వండాలో చెబుతోంది. ఆఫీసుల్లో ఆడవాళ్లనీ, వెనకబడినవాళ్లనీ ప్రత్యేకంగా పిలిచి పని నేర్పించేవాళ్లని పట్టివ్వమని ప్రభుత్వం పెట్టిన లైను అది. అవతల మనిషి ఉండడు, మరగొంతే; ఎవరేం చెప్పినా చివరిదాకా వింటుంది, చెప్పిందే చెబితే మాత్రం ఫోను పెట్టేస్తుంది. అందుకే అసలు చాడీలకి చోటు దొరక్కుండా లైను ఖాళీగా ఉంచొద్దని నెట్‌లో పిలుపు వచ్చింది.

మా అమ్మాయి నిరుపమ కాకినాడ పోర్టులో జాలరిపేట ఆడపిల్లలకి క్రేన్ నడపడం నేర్పింది. ఆమె మీద చాడీ చెప్పాలని ఆఫీసులో ఒకాయన ఫోను పట్టుకుని కూర్చున్నాడట. సాయంత్రం ఆ పిల్లల చేతికి ఉద్యోగం ఆర్డర్లు అందితే ఇక ఎవరూ ఆపలేరు.

నేను గుత్తొంకాయ చెప్పాను, పనసపొట్టు చెప్పాను, చింతచిగురు రొయ్యలు కూడా చెప్పాను. నిరుపమ గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

"ఆగకమ్మా. నువ్వాగితే ఆయన దూరతాడు."

"నాకొచ్చినవన్నీ అయిపోయాయే."

"ఫిర్యాదు కొనసాగించండి," అంది మరగొంతు.

మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, నా చేతిలో ఫోను తీసుకున్నారు. ఇన్నేళ్లలో నా వంటని ఒక్క మాట అనని మనిషి.

"రాసుకోండి," అన్నారు గొంతు సవరించుకుని. "మా ఆవిడ చారు గురించి. పెళ్లయిన మొదటి వారం నుంచీ చెప్పుకొస్తాను."

నిరుపమ కుర్చీ లాక్కుని కూర్చుంది. సాయంత్రం దాకా లోటుండదని ఆయన మొహం చూస్తేనే తెలిసిపోయింది.