వంకాయరంగు రాళ్ళు

మార్చి పదకొండు. మునస్వామికి ఆ తేదీ బాగా గుర్తు. ఆ పొద్దు ఆయన రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి తిన్నాడు. దొర మాత్రం పస్తు. తొట్టి అడుగున రాళ్ళు మార్చేటప్పుడు చేప కడుపు ఖాళీగా ఉండాలని చేపలంగడి ఆయన చెప్పాడు మరి.

దొర అరచేయంత ఆస్కార్ జాతి చేప. మునస్వామి భార్య ఆదిలక్ష్మి పెంచింది. ఆమె పోయినప్పటి నుంచి, బైరాగిపట్టెడలోని ఆ ఇంట్లో తలుపు తీయగానే ఆయనకు ఎదురొచ్చేది దొర ఒక్కడే. తొట్టి అద్దం దగ్గరికి దూసుకొచ్చి తోక ఊపేవాడు. ఆయన వేళ్ళ మధ్య నుంచే మేత లాక్కునేవాడు. ఫిల్టరు బుడబుడ వింటుంటే పక్క గదిలో ఇంకెవరో పని చేసుకుంటున్నట్టు ఉండేది. మునస్వామికి అదే చాలు.

తొట్టి అడుగున ఉన్న వంకాయరంగు రాళ్ళు ఆదిలక్ష్మి ముచ్చటపడి కొన్నవి. ఇప్పుడు రంగు పెచ్చులు లేస్తోంది. అంచులు గీసుకుని దొర మూతి మీద పుండు పడింది. మార్చక తప్పదు.

"రాళ్ళు మారిస్తే సగం చేపలు సస్తాయంటన్నా," అని ఎదురింటి ఢిల్లీబాబు ధైర్యం చెప్పాడు.

"నాకుండేది ఒక్కడే గదప్పా. సగం ఎట్ల సస్తాడు?"

ఢిల్లీబాబు ఆలోచించాడు. "అదీ నిజమే. అయితే మొత్తం పోతాడు."

మునస్వామికి చెమటలు పట్టాయి. కిటికీలోంచి కనిపించే కొండవైపు తిరిగి చేతులు జోడించాడు. "స్వామీ, దొర బతికి బయటపడితే నడిచి కొండెక్కి వస్తా." ఆ తరువాత ఇంకేదో పెదవుల్లోనే గొణిగాడు.

పని మొదలైంది. పాత నీళ్ళను పెద్ద టబ్బులోకి తోడాడు. దొరను వలతో పట్టి అందులో వదిలాడు. ఫిల్టరును కడగలేదు. అందులో నీటిని శుభ్రం చేసే మంచి క్రిములు ఉంటాయట, అవి పోతే చేపా పోతుందట. దాన్ని అట్లాగే తెచ్చి టబ్బులో ఆడించాడు. రాళ్ళన్నీ తీసి, కడిగి కడిగి తేట చేసిన నల్ల ఇసుక పరిచాడు. గుప్పెడు పాత రాళ్ళను పల్చని గుడ్డలో మూటగట్టి ఒక మూలన ఉంచాడు, వాటిని అంటుకున్న క్రిములు కొత్త ఇసుకలోకి పాకాలని. చివరికి పళ్ళెం అడ్డుపెట్టి, ఇసుక చెదరకుండా పాత నీళ్ళు మెల్లగా పోశాడు.

ఫిల్టరునూ దొరనూ తిరిగి తొట్టిలోకి చేర్చాడు. దొర కొత్త ఇసుక మీద ఒక చుట్టు తిరిగి తోక ఊపాడు.

"బతికిపోయినాం రా దొరా!" అన్నాడు మునస్వామి. మిగిలిన రాళ్ళను ఢిల్లీబాబు భార్య పంకజాక్షి అడిగి తీసుకుపోయి కరివేపాకు కుండీల్లో పోసుకుంది.

మరునాడు దొర మేత పంకజాక్షికి అప్పజెప్పి, మునస్వామి అలిపిరి మెట్లెక్కాడు. మొక్కు తీర్చుకుని ఆ మరుసటి మధ్యాహ్నం దిగేసరికి ఎండ నెత్తిన చుర్రుమంటోంది. ఆటో అతను అరవంలో పలకరించి, కాళహస్తి చూపించుకొస్తా రమ్మని బేరం పెట్టాడు.

"నాది బైరాగిపట్టెడేనబ్బా!" అని మునస్వామి కసురుకున్నాడు.

ఇంటికొచ్చి తొట్టి ముందు నిలబడ్డాడు. దొర ఒక్క ఉదుటున ఇసుకలో నిలబెట్టిన కుండపెంకు వెనక దూరాడు.

"దొరా, నేనప్పా."

రాలేదు. మేత చూపించాడు. రాలేదు. ఆదిలక్ష్మి రోజూ చూసే సీరియల్ పెట్టి టీవీ అటు తిప్పాడు. అయినా రాలేదు. పంకజాక్షి వచ్చి వేస్తే మాత్రం గుటుక్కున మింగాడు.

"ఒంట్లో బాగానే ఉండాది గదన్నా," అంది పంకజాక్షి.

"ఒంట్లో కాదు మా, మనసులో. ఆమె రాళ్ళు తీసి పారేసినానని నా మీద అలిగినాడు."

"చేపకు అలకేందన్నా!"

"మా ఆదిలక్ష్మి పెంపకం. అలక రాకుండా యాడికి పోతాది?"

"నేను అప్పుడే చెప్తి," అన్నాడు వెనకాలే వచ్చిన ఢిల్లీబాబు.

సాయంత్రం మునస్వామి కరివేపాకు కుండీల ముందు చతికిలబడి, రాళ్ళలో నునుపైనవన్నీ ఏరాడు. కడిగి, ఇసుక మీద ఒక వరుస పరిచాడు. తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మెట్లెక్కిన మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

"తప్పయిపోయింది నాయనా. సూడు, మీ అమ్మ కొన్న రాళ్ళే."

దొర పెంకు వెనక నుంచి ఒక కన్ను బయటపెట్టి, చటుక్కున లాక్కున్నాడు.

మునస్వామి తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "ఇంక ఈ జన్మకు నా చేత్తో తినడు మా."

గుమ్మంలో నిలబడ్డ పంకజాక్షి చేపను చూసింది. మునస్వామిని చూసింది. మళ్ళీ చేపను చూసింది. గబగబా ఇంటికి పోయి మొగుడి నల్ల మంకీ క్యాపు తెచ్చింది.

"దీన్ని పెట్టుకోన్నా."

"ఈ ఎండల్లోనా?"

"పెట్టుకోమంటే పెట్టుకో."

మునస్వామి దాన్ని చెవుల దాకా లాక్కుని తొట్టి వైపు తిరిగాడు. పెంకు వెనక నుంచి దొర బాణంలా దూసుకొచ్చాడు. అద్దానికి మూతి ఆనించి, ఒళ్ళంతా ఊగేలా తోక ఊపి, ఆయన వేళ్ళ మధ్య నుంచి మేత లాక్కున్నాడు.

పంకజాక్షి నవ్వు ఆపుకుంటూ, ఆ రాత్రికి వాళ్ళిద్దర్నీ వదిలేసి చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్ళిపోయింది; మునస్వామి కొత్త గుండును ఊళ్ళో ఎవరూ వింతగా చూడలేదు గానీ, పాపం, దొర ఏనాడూ తొట్టి దాటి తిరుపతి చూసినవాడు కాదు.